సగం ఎత్తు గీతలు

నేను తీసిన ఈసీజీ కార్డులు చాలా అందంగా ఉండేవి. ముసలాయన గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరు అనుకోవచ్చు. చివరిదాకా చదివి, అప్పుడు అనుకోండి.

ఏలూరులో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళకు పైగా నాది అదే పని. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి అప్పటి మెషీన్ తెలియదు. ఇప్పుడు పన్నెండు గీతలూ ఒకే పెద్ద కాగితం మీద వాటంతటవే వచ్చేస్తాయి, ఏ ఎత్తులో తీశామో కూడా మెషీనే అచ్చేస్తుంది. అప్పట్లో మూడు వేళ్ళ వెడల్పున్న గళ్ళ కాగితం చుట్టలోంచి రిబ్బన్‌లా బయటికి వచ్చేది. ఆ రిబ్బన్‌ని కత్తెరతో పన్నెండు ముక్కలు చేసి, అట్ట కార్డు మీద ఒక్కో గడిలో ఒక్కో ముక్క జిగురుతో అంటించాలి. చాలామంది కార్డులు జిగురు మరకలతో, వంకర ముక్కలతో చూడబుద్ధయ్యేవి కావు. నావి పెళ్ళి శుభలేఖల్లా ఉంటాయని మా డాక్టరు గారు వచ్చినవాళ్ళకల్లా చూపించేవారు. ఆ పొగడ్తలకి నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

పనికి సంబంధించిన ముక్క ఒకటి చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి. మెషీన్ మీద చిన్న మీట ఉండేది. అది 'ఒకటి' మీద ఉంటే గుండె గీత అసలు ఎత్తులో పడుతుంది, దాన్నే ఫుల్ అంటాం. గీతలు మరీ పొడుగై కాగితం దాటిపోతుంటే మీటని 'సగం' మీదికి తోస్తాం, అప్పుడు అన్నీ సగం ఎత్తుకి తగ్గుతాయి. ఏ ఎత్తులో తీశామో తెలియడానికి ఒక బటన్ నొక్కి కాగితం మీద గుర్తు వేస్తాం. 'ఒకటి'లో ఆ గుర్తు పది చిన్న గళ్ళ ఎత్తు, 'సగం'లో ఐదు గళ్ళు. కార్డు మీద పెన్నుతో కూడా 'సగం' అని రాయాలి. ఆ గుర్తూ, ఆ రాతా రెండూ లేకపోతే చూసే డాక్టరుకి తెలిసే దారి లేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మర్చిపోకూడనిది ఇదొక్కటే అనుకోండి.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన తర్వాతి ఏడాది అది. ఆ చెరువుల మీద బతికిన లంక ఊళ్ళ కుర్రాళ్ళు చాలామంది పనుల్లేక భీమడోలు, ఏలూరు రోడ్ల మీద పడ్డారు. కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయని తెలిసి, కొందరు తాడేపల్లిగూడెంలో పరుగు నేర్పే ఒక కోచింగ్ సెంటర్‌లో చేరడానికి సిద్ధమయ్యారు. చేరేముందు ఈసీజీ తీయించుకుని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలని అక్కడ రూలు. ఒకరోజు పొద్దున ఆ కుర్రాళ్ళతో నిండిన వ్యాను మా ఆస్పత్రి ముందు ఆగింది. కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడ నా గదిలోకి తొంగి చూసి, "ఏవండోయ్, మీకివాళ ముహూర్తాల సీజనండి. మధ్యాహ్నం లోపు వీళ్ళందరి శుభలేఖలూ కావాలంట" అని నవ్వింది. నేనూ నవ్వాను.

వాళ్ళలో ఒక కుర్రాడు నాకు బాగా గుర్తున్నాడు. షర్టు విప్పి బల్ల మీద పడుకుంటూ, "సారండీ, నాది బాగా తీయండి. మా అమ్మకి చూపించాలండి" అన్నాడు.

"ఇది చూసి మీ అమ్మకేం తెలుస్తుందయ్యా?"

"తెలీదండి. మా నాన్న నీళ్ళలో పోయాడండి, మా తాతా అంతేనండి. అందుకని మా అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ చెరువులో దిగనివ్వలేదండి. నేల మీద ఉద్యోగం చేసుకోమంటదండి. బాగుందని రాసున్న కాగితం చూస్తే ఆవిడకి ధైర్యమండి."

వింటూనే మెషీన్ తీగలకున్న రబ్బరు బుడ్డలు ఛాతీకి అంటించాను. ఛాతీ గీతలు మొదలుపెట్టగానే మెషీన్‌లో గీత గీసే పెన్ను కాగితం పై అంచుకి వెళ్ళి టకటకా కొట్టుకుంది. బక్కపల్చటి కుర్రాళ్ళకి గీతలు పొడుగ్గా రావడం మామూలే, ఆ పొద్దున అప్పటికే ఇద్దరికి అలా వచ్చాయి. మీట 'సగం' మీదికి తోశాను. గీతలు బుద్ధిగా మధ్యలోకి వచ్చి కూర్చున్నాయి. గుర్తు కూడా వేశాను. కానీ అంటించేటప్పుడు ముక్క పొడుగైంది. గడిలో పట్టించడానికి గుర్తు ఉన్న కొసని కిందికి మడిచి, దాని మీద జిగురు రాసి నొక్కేశాను. అలా మడిస్తే చూడటానికి బాగుంటుంది. పెన్నుతో 'సగం' అని రాయడం మర్చిపోయాను. బయట ఇంకా బోలెడుమంది బనీన్లతో నిలబడి ఉన్నారు.

కార్డుల కట్ట తిరగేస్తూ మా డాక్టరు గారు ఈ కార్డు దగ్గర ఆగారు. చివరి గళ్ళలో పైకి లేవాల్సిన ఒక అల కిందికి తిరిగి ఉంది. దానికి తోడు గీతలు బాగా పొడుగ్గా కూడా ఉంటే గుండెని అనుమానించాలి. ఆయన తన గదిలోంచే కేకేశారు.

"ఏవండీ, ఇది ఫుల్లోనే తీశారా?"

నా చేతుల నిండా జిగురు. తల ఎత్తకుండానే "ఆఁ, ఫుల్లేనండి" అన్నాను.

"అయితే ఎత్తులు మామూలుగానే ఉన్నాయిలెండి. కుర్రాళ్ళకి ఒక్కోసారి ఇలా ఉంటుంది" అని ఆయన సంతకం పెట్టేశారు. మా ఇద్దరి గదులకీ మధ్య ఆరడుగుల నడవా. ఆయన లేచి రాలేదు, నేనూ లేచి వెళ్ళలేదు.

మూడు వారాలకి ఆ కుర్రాడు పోయాడు. తాడేపల్లిగూడెంలో కాలవ గట్టు మీద పొద్దుటి పరుగులో, అందరికంటే ముందు పరిగెడుతున్నవాడు ఉన్నట్టుండి బోర్లా పడ్డాడట. మళ్ళీ లేవలేదు. జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. కౌంటర్ ఆవిడ ఆ పేపరు పట్టుకుని, "మన దగ్గరికొచ్చిన కుర్రాడేనండీ" అంటూ లోపలికి వచ్చింది. ఇద్దరం రిజిస్టర్ తీశాం. పేరుకి ఎదురుగా 'నార్మల్' అని ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఖాళీ కడుపుతో పరిగెత్తి ఉంటాడు పాపం, అనుకున్నాం. మధ్యాహ్నం క్యారేజీ విప్పి శుభ్రంగా భోంచేశాను.

రెండు నెలల తర్వాత వాళ్ళమ్మ వచ్చింది. వెంట కూతురు, గూడెంలో డిగ్రీ చదువుతున్న పిల్ల. రైలు అందుకోవాలని స్టేషన్‌లో వంతెన మెట్లు పరుగున ఎక్కి, పైన కళ్ళు తిరిగి పడిపోయిందట. ఆవిడ సంచిలోంచి బైబిలు తీసి, అందులో భద్రంగా దాచిన కొడుకు కార్డు నా బల్ల మీద పెట్టింది.

"మా వాడికి తీసింది మీరే కదండీ. ఎంత బాగా తీశారండీ! వాడి గుండెకేం లేదని దీంట్లో రాసుందని పాస్టరు గారు చదివి చెప్పారండి. వాడి రాత అలా ఉంది, ఏం చేస్తాం. దీనికీ మీరే తీయాలండి. ఇదొక్కతే మిగిలిందండి నాకు."

కౌంటర్ ఆవిడ తెర వెనక పిల్లకి బుడ్డలు అంటించింది. నేను తెర ఇవతల మెషీన్ దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. పెన్ను పై అంచుకి వెళ్ళి టకటకా కొట్టుకుంది. నా చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్ళింది.

వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి ఇదే పని ఇంతకుముందు ఎవరికి చేసిందో నాకు గుర్తొచ్చింది. బల్ల మీద కొడుకు కార్డు ఉంది, చివరి గళ్ళలో కిందికి తిరిగిన అల. నా ముందు రిబ్బన్ మీద చెల్లెలి గీత, అదే అల, అదే తీరు, ఎత్తు మాత్రం రెండింతలు.

గోటితో కార్డు మీద ముక్క అంచు గీకాను. ఎండిన జిగురు పొరలుగా లేచింది. మడత విప్పితే లోపల నేను వేసిన గుర్తు ఉంది. గళ్ళు లెక్కపెట్టాను. ఐదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. ఐదే. "ఏవైందండీ, మెషీన్ ఆగిపోయిందా?" అని కౌంటర్ ఆవిడ తెర వెనక నుంచి అడుగుతూనే ఉంది. బయట బెంచీ మీద వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఆవిడ కొడుకుని నేను పరుగులోకి పంపించాను అన్న మాట తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

పిల్ల గీతలు పూర్తిచేసి, ఆ రిబ్బన్‌నీ కొడుకు కార్డునీ తీసుకెళ్ళి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నేను లేచొచ్చి చూసుండాల్సిందండి" అన్నారు. తర్వాత, "ఆవిడకి ఇప్పుడే చెప్పకండి. చెబితే మన మీద నమ్మకం పోయి పిల్లని ఇంటికి తీసుకుపోతుంది. ముందు పిల్ల సంగతి చూద్దాం" అన్నారు. ఆ మాటలో న్యాయం ఎంతుందో, మా భయం ఎంతుందో ఇప్పటికీ నాకు తేలలేదు. నాకు మాత్రం ఆ పూటకి అది వరంలా వినిపించింది. కొడుకు కార్డు డాక్టరు గారికి ఇంకా కావాలని చెప్పి నా దగ్గరే ఉంచేసుకున్నాను.

విజయవాడలో స్కాన్ తీస్తే, పిల్ల గుండె గదుల మధ్య గోడ ఉండాల్సినదానికంటే బాగా మందంగా ఉందని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు, పరుగులూ బరువులూ మానమన్నారు. ఇది వంశంలో దిగేదై ఉండొచ్చని తల్లీకూతుళ్ళ రక్తం హైదరాబాదులో జన్యు పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో మందుల కోసం వచ్చినప్పుడల్లా ఆవిడ నాకు కొల్లేటి చేపలు తెచ్చేది. "మీరు పట్టుకోబట్టి పిల్ల దక్కిందండి" అనేది. వద్దమ్మా అనేవాణ్ణి. అన్నాక తీసుకునేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ ఎంతో ఇష్టంగా పులుసు పెట్టేది. ముద్ద గొంతు దిగేది కాదు, అయినా దింపేవాణ్ణి.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు గారు తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి, నన్నూ పిలిచారు.

"చూడండమ్మా, కండ అన్నది లాగాలంటే దాంట్లో మయోసిన్ అని ఒక పదార్థం ఉండాలి. చేప తోక ఊపాలన్నా, ఎద్దు బండి లాగాలన్నా, మన గుండె కొట్టుకోవాలన్నా అదే. దాంట్లో పొడుగాటి భాగాన్ని హెవీ చెయిన్ అంటారు. దాన్ని ఎలా తయారుచేయాలో మన ఒంట్లోనే రాసి ఉంటుంది, ఆ రాతనే జన్యువు అంటాం. కండ రకాన్ని బట్టి అలాంటి జన్యువులు చాలా ఉన్నాయి. మీ అమ్మాయికి గుండెలో పనిచేసే దాంట్లో ఒక్క అక్షరం మారింది."

"ఒక్క అక్షరానికే ఇంతాండీ?" అంది ఆవిడ.

"మీ ఊళ్ళో అంతా కలిసి పెద్ద వల లాగుతారు కదా. అందులో కొందరు వరస తప్పి, అవసరానికి మించి గుంజుతున్నారనుకోండి, ఏమవుతుంది?"

"వల చిరుగుద్దండి. మనుషులు సొమ్మసిల్లిపోతారండి."

"ఇక్కడ గుండె గోడ మందమెక్కిపోతుంది. ఒక్కోసారి పరిగెత్తినప్పుడో, బరువు లాగినప్పుడో కొట్టుకునే తీరే తప్పి ఆగిపోతుంది. పిల్లుల్లో కూడా ఇలా గోడ మందమెక్కి ఉన్నట్టుండి పడిపోయే జబ్బు ఉందమ్మా. ఇది తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ వస్తుంది. మీ రక్తంలో లేదు."

"అంటే వాళ్ళ నాన్నదాండి?"

"అయ్యుండాలి. ఆయన ఎలా పోయారు?"

"నీళ్ళలోనండి. వల లాగతా లాగతా మునిగిపోయాడండి. నడుం లోతు నీళ్ళేనండి, బాగా ఈతొచ్చిన మనిషండి..."

చెబుతూనే ఆగిపోయింది. ఆ మాటలు ఆవిడ ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పి ఉంటుందో. నడుం లోతు నీళ్ళలో ఈత వచ్చిన మనిషి ఎందుకు మునిగాడో ఆ క్షణంలో ఆవిడకి తెలిసింది, మాకూ తెలిసింది.

"నీళ్ళు కాదాండి?" అంది. డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "మరి నేను నీళ్ళని చూసి భయపడి వాణ్ణి గట్టు మీద పరుగులో పెట్టానే! నేనే చంపుకున్నానండీ నా బిడ్డని!" అని ఆవిడ గుండెలు బాదుకుంది. పిల్ల చేతులు పట్టుకుని ఆపబోయింది, ఆపలేకపోయింది.

అది చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. "అమ్మా, మీ తప్పు లేదు. తప్పు నాది" అన్నాను. నా గదిలోకి వెళ్ళి మడత విప్పిన కార్డు తెచ్చి ముందు పెట్టాను. పెన్ను అంచుకి కొట్టుకోవడం, మీట, సగం, జిగురు, డాక్టరు గారి ప్రశ్న, నా జవాబు, ఒక్కటీ దాచకుండా చెప్పాను. డాక్టరు గారు కిటికీకేసి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

"అప్పుడే పూర్తిగా తీసుంటే?"

"పరుగు మాన్పించేవాళ్ళం" అన్నారు డాక్టరు గారు.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మీకెప్పుడు తెలిసిందండీ ఇది?"

"అమ్మాయిని తీసుకొచ్చిన రోజే."

"మరి చేపలు తీసుకున్నారు కదండీ" అంది. అంతే. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. సర్వీసులో నేను తిన్న తిట్లు తక్కువేం కాదు. వాటన్నిటినీ మర్చిపోయాను, ఈ మెత్తటి మాట ఒక్కటి మర్చిపోలేకపోయాను.

పది రోజుల తర్వాత ఒక్కతే వచ్చింది. కౌంటర్ దగ్గరే నిలబడి నన్ను పిలిపించింది. చేతిలో ఏమీ లేదు.

"మా ఆయన తమ్ముళ్ళిద్దరు ఉన్నారండి. వాళ్ళ పిల్లలు ఉన్నారండి. అంతా వల లాగేవాళ్ళేనండి. పరీక్షకి రమ్మంటే రారండి. మీ వాడికి తీస్తే బాగుందనే రాశారుగా, ఆ మూడో వారమే పోయాడుగా, ఆ కాగితాల్ని ఏం నమ్ముతాం అంటన్నారండి. వాళ్ళ మాటా నిజమేగా. మా గుళ్ళో ఆదివారం ప్రార్థనయ్యాక లేచి సాక్ష్యం చెబుతారండి, దేవుడు మాకీ మేలు చేశాడని. మీరొచ్చి మీరు చేసింది చెప్పండి."

నేను పాడుచేసింది ఒక్క ప్రాణంతో ఆగలేదని, నా అందమైన కార్డు ఆ ఇంట్లో ఇంకా పనిచేస్తూనే ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు. దాన్ని నమ్మి ఆ కుర్రాడు పరిగెత్తాడు. అది అబద్ధమైంది కాబట్టి ఇప్పుడు మిగతావాళ్ళు ఏ కాగితాన్నీ నమ్మడం లేదు.

వెళ్తానని చెబితే, "మీద పడి కొడితేనో?" అన్నారు డాక్టరు గారు. "కొట్టొచ్చండి" అన్నాను. ఆయన రాలేదు. తప్పుపట్టను, కారూ మెషీనూ ఇచ్చి పంపించారు. కౌంటర్ ఆవిడ మాత్రం ఎవరూ అడక్కుండానే, "ఆడవాళ్ళకి తెర వెనక బుడ్డలెవరు పెడతారండీ, మీరా?" అంటూ వచ్చి కారెక్కింది.

రేకుల కప్పు చర్చి. చాపల మీద ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. ప్రార్థన అయ్యాక ఒకావిడ లేచి తన మనవడికి జ్వరం తగ్గిన సంగతి చెప్పింది, అందరూ 'ఆమెన్' అన్నారు. ఒక పెద్దాయన తప్పిపోయిన గేదె దొరికిందన్నాడు, దానికీ 'ఆమెన్' అన్నారు. తర్వాత పాస్టరు గారు నా వైపు చూశారు.

లేచాను. ముందు వరసలో తల్లీ కూతురూ ఉన్నారు. మగవాళ్ళ వైపు చేతులు కట్టుకుని నల్లగా, గట్టిగా ఇద్దరు మనుషులు, ఆవిడ మరుదులని చూడగానే తెలుస్తోంది. గుండె గోడ మందమెక్కితే గీత ఎలా లేస్తుందో, పెన్ను పై అంచుకి తగిలి ఎలా టకటకలాడుతుందో, నేను దాన్ని మీటతో ఎలా అణిచిపెట్టానో, ఎలా మడిచి దాచానో చెప్పాను. ఆ కాగితం తప్పు చెప్పలేదు, దాని నోరు నొక్కింది నేను అన్నాను. ఆ ఇద్దరి వైపూ తిరిగి, మీ అన్నయ్య నీళ్ళలో మునిగి పోలేదు, గుండె ఆగాక నీళ్ళలో పడ్డాడని డాక్టరు గారు అనుకుంటున్నారని చెప్పాను. చెప్పడం అయిపోయింది.

ఎవరూ 'ఆమెన్' అనలేదు. ఒక ముసలామె 'ఓ ప్రభువా' అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో గట్టిగా తిట్టారు. మరుదుల్లో చిన్నవాడు లేచి తిన్నగా నా మీదికి వచ్చాడు. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడుతుందనే అనుకున్నాను, పడితే బాగుణ్ణనీ అనుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే అతను నా ముందు నిలబడి షర్టు గుండీలు విప్పుతున్నాడు. "ముందు నాకు తీయండి" అన్నాడు. "నా వెనకాల ముగ్గురు పిల్లలున్నారు. ఈసారి ఏదీ మడవకండి."

చర్చి బల్ల మీద పడుకున్నాడు. జనం చాపల మీది నుంచి లేచి చుట్టూ మూగారు. అతని ముగ్గురు పిల్లలూ తల దగ్గర నిలబడ్డారు. నేను మీట 'ఒకటి' మీద ఉందని రెండుసార్లు చూసుకుని, బుడ్డలు అంటించి, మెషీన్ నడిపించాను. కాళ్ళూ చేతుల గీతలు అయ్యాయి. ఛాతీ గీతలకి వచ్చాను.

పెన్ను పై అంచుకి వెళ్ళి టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడేమిటో అప్పటికి అక్కడున్న అందరికీ తెలుసు.